నాడి దొరకని మనిషి

ఆమె పుస్తకం వీపుకు జిగురు పూస్తుంటే, ఎదురు బల్ల దగ్గర భర్త తర్వాతి పుస్తకానికి ఫారాలు, అంటే మడిచిన అచ్చు కాగితాలు, కుడుతున్నాడు. సూది దూర్చడం, దారం బిగించడం, మళ్లీ సూది. ఆ బైండింగు షాపులో ముప్ఫై ఏళ్లుగా ఇద్దరిదీ అదే పని. ఆరేళ్ల కిందట ఆయన గుండె చేతులెత్తేస్తే డాక్టర్లు ఛాతీలో చిన్న పంపు అమర్చారు. అది గుండెలా కొట్టుకోదు, రక్తాన్ని ఆగకుండా తోస్తూ ఉంటుంది. అందుకే ఆయనకు నాడి దొరకదు. దాని బ్యాటరీల సంచీ ఎప్పుడూ ఎడమ భుజాన వేలాడుతుంటుంది.

ఆ ఉదయం పనివాళ్లకు ఆరోగ్య పరీక్షలు. కొత్త నర్సు ఆయన మణికట్టు పట్టుకుని వెతికి వెతికి తెల్లబోయింది.

"కంగారుపడకమ్మా. నేను పోయి ఆరేళ్లయింది, ఆఫీసువాళ్లకే ఇంకా తెలీదు," అన్నాడాయన.

షాపంతా గొల్లుమంది. కటింగు మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "గుండె కొట్టుకోనివాడు మనిషెలా అవుతాడు?" అని అతను చాటున అన్న మాట ఎప్పుడో ఆమె చెవిన పడింది.

నాడి గడిలో ఏం రాయాలో నర్సుకు తోచక సున్నా వేయబోయింది.

"సున్నా వద్దు తల్లీ," అంది ఆమె గబుక్కున. "చెయ్యి వెచ్చగా ఉందని రాయి."

మధ్యాహ్నం ఆయన కుట్టే ఫారం మీదికి మెల్లగా వాలిపోయాడు. కునుకు తీశాడనుకున్నారందరూ.

రాత్రి బాగా పొద్దుపోయాక ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "తలలో రక్తనాళం చిట్లిందమ్మా. మెదడు పూర్తిగా పోయింది. రెండుసార్లు పరీక్షించాం. ఆ ఊపిరి గొట్టం ఇస్తున్నది, లోపల తిరిగేది పంపు. అంతే."

ఆమె భర్త ఛాతీకి చెవి ఆనించింది. సన్నని రొద. ఆరేళ్లుగా ఆ రొద పక్కనే నిద్రపోయింది.

"ఇన్నాళ్లూ ఇదే ఆయననుకున్నానమ్మా. ఆపమంటే నేను చంపినట్టేనా?"

"కాదమ్మా. ఆపేది మిషన్ని."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున నర్సుకు తాను చూపించిన సాక్ష్యం అదొక్కటే. ఇప్పుడు ఆ వెచ్చదనం కూడా పంపు ఇస్తున్నదే.

"ఏమండీ," అని పిలిచింది. కాస్త ఆగి మళ్లీ పిలిచింది. ఇన్నేళ్ల కాపురంలో రెండోసారి పిలిపించుకున్న మనిషి కాదాయన.

"ఆపేయండి," అంది.

వారం తర్వాత ఆమె పనికి వెళ్లింది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. భర్త బల్లను ఎవరూ ముట్టుకోలేదు. దాని కింద ఆయన విప్పిన చెప్పులు అలాగే ఉన్నాయి. ఎడమది, భుజాన మోసిన బరువుకు కాబోలు, మడమ దగ్గర కాగితమంత పలచగా అరిగిపోయి ఉంది.