మేజర్ సాబ్‌కు జంపఖానా

"జర మెల్లగ రుద్దు బిడ్డా, అది సర్కారు బట్ట," అంది మొగిలమ్మ.

కొడుకు యూనిఫాం మీద ఉన్న బెంగలో పిసరంతైనా ఆ అత్తకు కోడలి చేతుల మీద లేదు. చిలుకమ్మ నురగలో చేతులు ముంచింది. యుద్ధం ముగిసిన మూడు నెలలకు ఆమె మొగుడు సారంగపాణి సెలవు మీద వచ్చాడు. నాలుగు రోజులుగా నేతగాళ్లుండే కొత్తవాడ అంతా వాళ్ల అరుగు మీదే ఉంది. వచ్చినవాళ్లకల్లా చాయ్ పెట్టడం, ఎంగిలి గ్లాసులు కడగడం, ఆయన బూట్లు తుడవడం చిలుకమ్మ వంతు. నడుము ఎప్పుడు వాల్చుదామా అని చూస్తోంది ఒళ్లు.

రెండేళ్ల కింద సారంగపాణి పటాలంలో చేరాడు. ఆ ఏడే మామ వీరభద్రం ఆయాసంతో మగ్గం మానేశాడు. ఆనాటి నుంచి నేల మీద పరిచే జంపఖానాలు నేస్తున్నది చిలుకమ్మే. ఆ వాడలో మగవాళ్లు నేస్తారు, ఆడవాళ్లు రాట్నం మీద నూలు కండెలు చుడతారు. కోడలిని మగ్గంలో కూర్చోబెట్టాడంటే వీరభద్రం పరువేం కావాలి? అందుకే తలుపులు మూసుకుని నేసింది. ఎవరైనా తలుపు తడితే చటుక్కున లేచి రాట్నం ముందు కూర్చునేది, మామ రొప్పుతూ మగ్గంలోకి దిగేవాడు. యుద్ధం రోజుల్లో పక్కింటి రేడియోలో వార్తలు వస్తుంటే చెవులు అటు, చేతులు ఇటు పెట్టి నేసింది. ఓ పూట నడుము పట్టేసి లేవలేకపోతే అత్త అన్న మాట చేసిన గాయం ఇంకా మానలేదు. "ఆడ నా కొడుకు పానం అడ్డం బెట్టి కొట్లాడుతాండు. నీడపట్టున కూసోని నేసెటందుకు నీకు నొప్పులా?" నిజమే కాబోలు అనుకుంది అప్పుడు, పిచ్చిది. అలా అనుకున్నందుకే ఇప్పుడు తన మీద తనకు కోపం. అత్తామామలు కొడుక్కి రాయించిన ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట, మీ బాపు మంచిగ నేస్తాండు అని.

ఆ మధ్యాహ్నం సారంగపాణి ఇంట్లో నేసి ఉన్న జంపఖానా ఒకటి తెచ్చి అరుగు మీద పరిచాడు.

"మా బాపు చెయ్యి చూడుండ్రి! అంచు యాడన్న వంకర వొయ్యిందా?"

చాయ్ పళ్లెంతో గడపలో నిలబడిన చిలుకమ్మ మామ వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని. ఆయన దగ్గి, "అంత దేవుని దయ బిడ్డా," అన్నాడు.

"మా మేజర్ సాబ్‌కు ఒకటి కావాలె బాపూ. నేను పొయ్యేలోపు నేసియ్యి. నీ పేరు చెప్పి ఇస్త."

పొద్దుగూకేవేళ పొయ్యి దగ్గర మొగిలమ్మ గుసగుసలాడింది. "రేపు వాన్ని మడికొండకు, మా చెల్లెలింటికి తోలిస్త. రెండు దినాలు ఉండి వస్తడు. నువ్వు తలుపేసుకొని నెయ్యి. వానికి తెలిస్తె మీ మామ తలకాయ యాడ పెట్టుకుంటడు?"

చిలుకమ్మ ఎప్పటిలాగే తలూపింది. కానీ రొట్టె కాలుస్తున్నంత సేపూ ఒకటే ఆలోచన. కొట్లాడినాయనకు దండలు వేశారు, సెలవిచ్చారు. తనకు సెలవెవరిస్తారు? సెలవు సంగతి పోనీ. ఎక్కడో ఉన్న మేజర్ ఇంట్లో తన రెక్కల కష్టం మామ పేరుతో పరుచుకుంటుంది. ఆ మాట దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది.

తెల్లారి సారంగపాణి బూట్లు కట్టుకుంటున్నాడు. అరుగు మీద అప్పుడే నలుగురు చేరారు. చిలుకమ్మ రెండు తలుపులూ బార్లా తెరిచి, మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. మగ్గం మొదటి దెబ్బకే అరుగు మీది తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఏం జేస్తానవే? లే!" మొగిలమ్మ పళ్ల బిగువున అంది.

చిలుకమ్మ లేవలేదు. సారంగపాణి లోపలికి వచ్చాడు. మగ్గం పక్కన పుట్టి పెరిగినవాడు, చూడకుండానే కదులుతున్న ఆ చేతులనూ కాళ్లనూ చూస్తే తెలియదా?

"ఎన్నొద్దుల సంది?"

"నువ్వు పోయినప్పటి సంది."

ఆయన తండ్రి వైపు చూశాడు. వీరభద్రం తల దించుకున్నాడు. చిలుకమ్మ మాత్రం నేత ఆపలేదు, తల వంచలేదు.

"నిలవడి చూసుడేంది?" అంది మొగుడితో, అరుగు మీదివాళ్లందరికీ వినబడేలా. "కండెలు అయిపోతానయ్. రాట్నం ముంగట కూసోని చుట్టు."