పంక్తిలో ఎడమ చెయ్యి

దసరా సెలవులకి కూకట్‌పల్లి బయల్దేరేముందే పెద్దత్తగారు రత్నమాల ఫోన్ చేసింది. "ఉమా, పిల్ల ఇంకా ఎడం చేత్తోనే తింటోందా? ఈసారి చుట్టాలంతా ఉంటారమ్మా, నలుగురిలో బావుండదు. కాస్త మాన్పించి తీసుకురా."

"చూస్తానండీ" అంది ఉమాశ్రీ. చూసేదేమీ లేదు. నాలుగేళ్ల రసజ్ఞ బొమ్మ గీసినా, బంతి విసిరినా, ఇడ్లీ తుంచినా ఎడం చెయ్యే ముందుకొస్తుంది.

భర్త వెంకట్ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. పండగ రోజుకి గానీ రాలేనన్నాడు. తల్లీకూతుళ్లిద్దరే రాయదుర్గంలో మెట్రో ఎక్కారు. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు జనం తోసుకుంటుంటే, ఉమాశ్రీ పిల్లని చంకనేసుకుని బ్యాగు ఈడ్చుకుంటూ పరిగెత్తింది. కేపీహెచ్‌బీలో దిగాక ఆటో అతను, "పాపను జర లోపలికి కూసోబెట్టమ్మా, బండ్లు మస్తుగొస్తున్నయ్" అన్నాడు. రోడ్డు పక్కన బంతిపూల కుప్పలు కనబడినప్పుడల్లా రసజ్ఞ కేకలు పెట్టింది.

రత్నమాల భర్త, వెంకట్ పెదనాన్న సీతారామయ్య ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏటా పండక్కి కుటుంబమంతా ఆయనింట్లో చేరాలి, హాల్లో వరసగా అరిటాకులు వేసుకుని తినాలి, ఆయన మాట మీద నడవాలి. ఇన్నేళ్లలో ఎవరూ ఎదురు చెప్పలేదు. ఉమాశ్రీ కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లోంచి పులిహోర గిన్నెతో వచ్చేసరికి రసజ్ఞ పంక్తిలో బిగుసుకుపోయి కూర్చుని ఉంది. ఎడం చెయ్యి వీపు వెనక ఉంది. మణికట్టుకి చేతిరుమాలు, దాని రెండో కొస గౌను బెల్టుకి. ఆకులో పప్పన్నం ముట్టనే లేదు. పిల్ల ఏడవడం కూడా లేదు.

"నేనే కట్టానమ్మా" అన్నాడు సీతారామయ్య తాపీగా. "నాలుగు పూటలిలా చేస్తే దారికొస్తుంది. మా రోజుల్లో అందరికీ ఇదే మందు."

ఉమాశ్రీ గిన్నె కింద పెట్టి రుమాలు విప్పబోయింది. ముడి ఒక పట్టాన రాలేదు. అందరూ తినడం ఆపి చూస్తున్నారు.

"పండక్కి పిలిస్తే వచ్చాం, పెదమావయ్యగారూ. పిల్లని కట్టేయించుకోడానికి కాదు."

"నన్ను తప్పుపడుతున్నావా? ఎడం చేత్తో తినడం మన ఇంటా వంటా లేదు."

"ఉందండీ. నాకుంది." మాట్లాడుతూనే ముడి ఊడదీసింది. "చిన్నప్పుడు నా చేతిని కుర్చీకి కట్టేవారు. మీరన్నట్టు దారికొచ్చాను. కానీ కంచం చూస్తేనే భయమేసేది. ఆ భయం నా కూతురికి రానివ్వను."

ఉమాశ్రీ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. అదే ఆకులో ఎడం చేత్తో పప్పన్నం కలిపింది. ఎన్నో ఏళ్లుగా అలవాటు తప్పిన చెయ్యి. సగం మెతుకులు చీర మీద పడ్డాయి. రసజ్ఞ కాసేపు చూసి ఫక్కున నవ్వింది.

"అలా కాదమ్మా, ఇలా!" అని ముద్ద చేసి చూపించింది.

సీతారామయ్య విస్తరి ముందు నుంచి లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు.

సంగతి సాయంత్రానికల్లా వెంకట్‌దాకా పోయింది. "ఒక్క సారీ చెప్పెయ్ ఉమా. లేదంటే క్యాబ్ పంపిస్తా, ఇంటికొచ్చెయ్" అన్నాడు ఫోన్లో.

"సారీ చెప్పను. ఇంటికీ రాను. ఇది దానికీ పండగే. తన చెయ్యి వల్ల ఇల్లు వదిలి పోవాల్సొచ్చిందని అది అనుకోకూడదు. నువ్వొస్తే మా పక్కన కూర్చో. కూర్చోలేనంటే రావద్దు."

మర్నాడు రెండు పూటలా తల్లీకూతుళ్లు ఎడం చేత్తోనే తిన్నారు. ఎవరో గొణిగారు, ఎవరో తల తిప్పుకున్నారు. ఉమాశ్రీ మారు వడ్డించమని అడిగి మరీ తింది.

పండగనాడు వెంకట్ వచ్చాడు. పెదనాన్న గది తలుపు వంక చూశాడు, భార్య వంక చూశాడు, వెళ్లి కూతురి పక్కన కూర్చున్నాడు. అప్పుడు రత్నమాల వచ్చి రసజ్ఞ ఆకు తీసి వరసలో ఎడం చివరన వేసింది.

"మధ్యలో కూర్చుంటే మోచేతులు తగిలి పిల్ల తినలేకపోతోంది" అంది ఎవరి మొహమూ చూడకుండా. "నువ్వూ ఇటే రా, ఉమా."

గదిలోంచి సీతారామయ్య కేకేశాడు. "నా గారెలు ఇక్కడికి తెస్తున్నారా లేదా?"

"ఇక్కడికొస్తే వేడిగా తినొచ్చు" అని రత్నమాల అంతకంటే గట్టిగా చెప్పి, పిల్ల ఆకులో రెండు గారెలు వేసింది.

ఆయన రాలేదు. గారెలు మాత్రం చల్లారకముందే అయిపోయాయి.