తలుపు కొట్టాడో లేదో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకొంచెం. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. మా బేర్‌వాలో లోయలో డెల్మర్ తలుపు కొట్టని ఇల్లు లేదు. అయినా ఆయన గురించి అడిగితే, “మంచివాడు, పొడుగ్గా ఉండేవాడు” అని ఊరుకుంటారందరూ. అంతకంటే చాలా ఉంది. నేను చెబుతాను, వినండి.

వాగు మీద పొగమంచు ఇంకా ముద్దకట్టుకునే ఉంది. డెల్మర్ అప్పటికే హార్లెస్ ఇంటి మెట్లెక్కుతున్నాడు. ఎక్కడమంటే మనం ఎక్కినట్టు కాదు. కుడి మోకాలు వంగదు, అందుకని పక్కకి తిరిగి, ఎడమకాలు ముందు వేసి, కుడికాలిని బస్తాలా పైకి లాక్కుంటాడు. ముంజేతి మీద రంపం కోసిన పాత గాటు తెల్లగా మెరుస్తుంది. ఒంటిమీద నారింజ రంగు కోటు, నెరిసిన మీసం, టోపీ కిందనుంచి పొడుచుకొచ్చిన పెద్ద చెవులు. తలుపు మూడుసార్లు కొట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో గుమ్మానికి మొహం ఆనించి నిలబడేవాడు పోలీసైనా అయి ఉండాలి, మతం పుచ్చుకోమనేవాడైనా అయి ఉండాలి.

“నేనే, డెల్మర్‌ని. ఎగిరే రంపం వస్తోంది. కోళ్ళని మూసెయ్యి. అది పోయేదాకా తీగల కిందకి వెళ్ళకు.”

హార్లెస్ లోపలి బనీనుతోనే బయటికొచ్చాడు. “కిందటిసారి నీ రంపం చప్పుడుకి మా కుక్క వారం రోజులు మంచం కిందనుంచి రాలేదయ్యా!”

“ఈసారి నువ్వూ దూరు. దానికి తోడుంటావు.”

“ఆ చోటు ఎప్పుడో మా ఆవిడ పట్టేసింది,” అన్నాడు హార్లెస్. ఇద్దరూ నవ్వుకున్నారు. వెళుతూ వెళుతూ డెల్మర్ గేటుకి నారింజ రంగు రిబ్బను ముడేశాడు. చెప్పిన ఇంటికల్లా రిబ్బను కడతాడు. అదీ ఆయన పద్ధతి.

పొడుగాటి ఇనుప వాసానికి గుండ్రటి రంపపు చక్రాలు వరసగా బిగించి, దాన్ని హెలికాప్టరుకి వేలాడదీస్తారు. కరెంటు తీగల మీదకి వాలిన కొమ్మల్ని అది పైనుంచి కిందకి కోసుకుంటూ పోతుంది. పైలట్ కిటికీలోంచి తల బయటికి వంచి ఆ చక్రాలనే చూస్తుంటాడు. కింద మనిషున్నాడా మేకుందా అని చూడ్డానికి అతనికి తీరిక ఉండదు. ఆ పని డెల్మర్‌ది. ఇల్లిల్లూ తిరిగి చెప్పి, గట్టు మీదకెక్కి, వాకీటాకీలో ‘ఖాళీ’ అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే చక్రాలు దిగుతాయి.

మా లోయలో తీగల కింద మనుషులుండకుండా ఉండరు. చెట్లు కొట్టేసిన ఆ ఒక్క మేరే ఎండ పడుతుంది. అందుకే ఇంటింటికీ చిక్కుడు పాదులు అక్కడే.

డెల్మర్ కుర్రతనంలో తాడు కట్టుకుని తనే చెట్లెక్కి కోసేవాడు. మోకాలు పోయాక ఈ పని ఇచ్చారు. భార్య లవేడా కాలం చేశాక ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. పొద్దున్నే ఎవరో తలుపు తీసి “రావయ్యా” అంటే, ఆ ఒక్క మాటతో ఆయనకి ఆ పూట గడిచిపోయేది.

అయితే ఆ వసంతం నుంచీ తలలో ఏదో తేడా చేసింది. కాఫీలో ఉప్పు వేసుకున్నాడోసారి. పుట్టి పెరిగిన దారిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఎగువకి పోతున్నానా దిగువకి పోతున్నానా అని నిలబడిపోయాడు ఇంకోసారి. ఎవరికీ చెప్పలేదు. చెబితే నేల మీద పనిచేసే జట్టుకి పెద్ద రోండా వాకీటాకీ తీసేసుకుంటుంది. తీసుకుంటే ఇక ఏ తలుపు కొట్టాలి? అందుకే తడబడ్డప్పుడల్లా ఒక జోకు విసిరేసి తప్పించుకునేవాడు.

మంచు విడిపోయింది. డెల్మర్ గట్టెక్కి నిలబడ్డాడు. కొండ వెనకనుంచి హెలికాప్టరు లేచింది. వాకీటాకీ గరగరమంది. పైలట్ గొంతు.

“పెద్దాయనా, లోయ ఖాళీయేనా?”

నోరు తెరిచాడు. ఇళ్ళు లెక్కపెట్టుకున్నాడు. హార్లెస్ ఇల్లు అయింది. వాగు పక్కన కవలల ఇల్లు, అయింది. నీలం కప్పు ఇల్లు, అయింది. చివర్న ఓలీటా ముసలమ్మ ఇల్లు. వెళ్ళాడా?

వెళ్ళినట్టే ఉంది. తలుపు తెరుచుకోవడం కళ్ళకి కడుతోంది. మొక్కజొన్న రొట్టె కాలుతున్న వాసన. “లవేడా ఎలా ఉంది నాయనా?” అని ఆవిడ అడగడం, “బాగుంది” అని తను అనడం. మరి లవేడా ఉన్నప్పటి మాటా ఇది? కిందటిసారి చెట్లు కోసినప్పటిదా? లేక ఆవిడ మర్చిపోయి ఇవాళే అడిగితే, తను అలవాటుగా బాగుందన్నాడా? ఎంత లాగినా ఆ వాసనకి తేదీ దొరకలేదు.

“నోరు విప్పండి పెద్దాయనా!” రోండా గొంతు కింద రోడ్డు మీదనుంచి. “పైన ఇంధనం తగలడిపోతోంది.”

ఖాళీ అనేస్తే అయిపోతుంది. నూటికి తొంభై పాళ్ళు వెళ్ళే ఉంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు. రేపు మళ్ళీ తలుపులు కొట్టుకోవచ్చు.

“ఖాళీ కాదు,” అన్నాడు. “ఓలీటా గారింటికి వెళ్ళానో లేదో నాకు గుర్తు లేదు.”

హెలికాప్టరు రంపాన్ని పైకెత్తుకుని కొండ మీదకి తప్పుకుంది.

డెల్మర్ కాలీడ్చుకుంటూ దిగాడు. ఓలీటా గేటుకి రిబ్బను ఉంది! గుండె కుదుటపడింది, అంతలోనే మళ్ళీ జారింది. ముడి తనదే, కాదనడానికి లేదు. కానీ ఆ గేటు మీద రోజంతా నీడే. అక్కడ రంగు వెలవదు. పొద్దున కట్టిందో, ఏళ్ళ కిందట కట్టి వదిలేసిందో, వేళ్ళ మధ్య నలిపి చూసినా తెలియలేదు.

తలుపు కొట్టాడు. పలుకు లేదు. ఇంటి వెనక్కి తిరిగాడు. ఓలీటా తీగల కిందే ఉంది. చిక్కుడు పాదులో నడుము వంచి, బుట్ట పక్కన పెట్టుకుని, తాపీగా కాయలు కోస్తోంది. ఆవిడ నెత్తికి పైన పెద్ద పాప్లార్ చెట్టు కొమ్మ తీగ మీదకి వాలి ఉంది. ఆ రోజు కొయ్యాల్సిన కొమ్మ అదే.

“ఓలీటా గారూ! పొద్దున నేను వచ్చి చెప్పలేదా మీకు?”

“చెప్పావుగా,” అందావిడ, తలెత్తకుండానే.

“చెబితే మరి ఇక్కడేం చేస్తున్నారండీ?”

ఆవిడ నడుం నిలబెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. “నువ్వు చెప్పింది ఇవాళేనా?”

“అదే నేను మిమ్మల్ని అడుగుతున్నా.”

“నన్నడుగుతావేం? వచ్చినవాడివి నువ్వా, నేనా?”

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. వంటింటి బల్ల మీద రొట్టె పొడి అంటుకున్న పళ్ళేలు రెండున్నాయి. డెల్మర్ వాటి వంక ఆశగా చూశాడు.

“ఒకటి నాది,” అంది ఓలీటా. “రెండోది నీదో, రాత్రి తిని నేనే కడగలేదో. రొట్టె ఎలా ఉంది?”

“బాగుందండీ,” అన్నాడు డెల్మర్. తిన్నాడో లేదో మాత్రం తెలియదు.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాడు. నడుముకి వేలాడుతున్న పసుపుపచ్చ చెవి డిప్పలు, చప్పుడు వినపడకుండా బిగించుకునేవి, తీసి ఆవిడ తలకి పెట్టాడు. పెద్దవైపోయి జారుతుంటే రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్క క్షణం ఓ చెయ్యి వదిలి వాకీటాకీ నొక్కాడు.

“ఓలీటా గారు నా చేతుల్లో ఉన్నారు. ఖాళీ.”

రంపం వచ్చింది. పళ్ళేలు గలగలలాడాయి. కిటికీ అద్దం వణికింది. పెరట్లో పాప్లార్ కొమ్మ పాదు మీద దబ్బున పడింది. రంపపు పొట్టు పిండిలా గాలిలో లేచింది. తన చెవులు పగిలిపోతున్నా డెల్మర్ చేతులు తియ్యలేదు. ఆ మోతలో ఓలీటా ఆయన మొహంలోకి చూసి, డిప్పలున్నాయి కదా, లోయంతా వినపడేలా అరిచింది.

“లవేడా ఎలా ఉంది నాయనా?”

“బాగుంది!” అని ఆయనా అరిచాడు.

అంతా సద్దుమణిగాక రోండా వచ్చింది. పాదు మీద పడ్డ కొమ్మని చూసింది, బుట్టని చూసింది. బయట మెట్టు మీద కూర్చున్న డెల్మర్ పక్కనే కూలబడింది. నోరు పెద్దది రోండాది, మా లోయలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం చెయ్యి చాపి ఊరుకుంది. డెల్మర్ అడగకుండానే వాకీటాకీ ఆ చేతిలో పెట్టాడు.

“నేను పొద్దున వచ్చానంటావా?”

“ఎవరికి తెలుసు పెద్దాయనా.”

“రేపు తలుపులు?”

“నేను కొడతాను. మిమ్మల్ని ఇంటి దగ్గర దింపుతా, రండి.”

ట్రక్కులో కూర్చుని గేట్ల వంక చూస్తూ వెళ్ళాడు. హార్లెస్ చెయ్యి ఊపితే తనూ ఊపాడు. ఆ చలికాలంలోనే, తనని తీసుకెళ్ళిన చెల్లెలింట్లో, మధ్యాహ్నం తిని కుర్చీలో కునుకు తీసినవాడు మళ్ళీ లేవలేదు.

ఆయన పొద్దున వెళ్ళాడో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మీరు ఈ కథ ఎక్కడైనా చెప్పేటప్పుడు ఆ సంగతి తేల్చెయ్యకండి. ‘గుర్తు లేదు’ అని ఆయన తన నోటితో అన్న మాట మాత్రం వదలకుండా చెప్పండి. తప్పకుండా చెప్పండి.

ఓలీటా గుమ్మం పక్కన మేకుకి ఆ రోజు ఉండిపోయిన పసుపుపచ్చ చెవి డిప్పలు వేలాడుతూనే ఉన్నాయి. అవి ఎవరివో ఆవిడకి తెలియదు, అయినా చిక్కుళ్ళు కోయడానికి వెళ్ళేముందు తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే తగిలిస్తుంది.