జీపు కింది మోత

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, నెలలు నిండిన అక్క, అక్కను చూడటానికి వచ్చి వానకు చిక్కుబడిపోయిన బావ, నేను. నాన్న కూడా ఉన్నాడు కానీ ఇంట్లో కాదు, షెడ్డులో జీపు కింద. పొద్దుటి నుంచి మాకు ఆయన కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు.

వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. అంబులెన్సు అవతలి ఒడ్డు దాకానే వస్తుందని ఫోనులో చెప్పారు. అక్కను వాగు దాటించగలిగేది మా జీపు ఒక్కటే. అదైనా నాలుగు చక్రాలూ లాగితేనే ఆ రాళ్ళలో కదులుతుంది. నాలుగింటికీ బలం పంచేది గేరుబాక్సు వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు. కొన్నాళ్ళుగా అరుస్తున్నది సరిగ్గా అదే. మొదట సన్నగా కూసేది. తర్వాత ఏదో నములుతున్నట్టు గరగరమనడం మొదలుపెట్టింది. నాన్న నూనె దించి చూస్తే అందులో ఇనప రజను మెరిసింది. అంటే లోపల బేరింగ్ పోయింది. ముందు మూతలోదా, వెనక మూతలోదా అన్నదే తేలాలి. మూలపడ్డ పాత జీపులోంచి ఊడదీసిన బేరింగ్ కిరోసిన్‌లో నానుతోంది. అది రెండు చోట్లా పడుతుంది. కానీ ఉన్నది అదొక్కటే.

మామూలుగా అయితే అది మాకు పెద్ద సమస్య కాదు. నాన్నా నేనూ జీపు కింద పడుకుంటాం. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇనుముకు ఆనించి, పిడి నా చెవి వెనక ఎముకకు నొక్కుకుని వింటాను. మోత ముందు వైపు నుంచి వస్తే నాన్న మోకాలి మీద ఒకసారి తడతాను, వెనక నుంచైతే రెండుసార్లు. ఇంజన్ల పక్కన బతికీ బతికీ ఆయనకు సన్నటి శబ్దాలు వినపడటం మానేశాయి. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. అమ్మ దాన్ని మొండితనం అనుకుంటుంది. "పిలవగానే పలికితే రాజుగారి పరువు పోదూ!" అని విసుక్కుంటుంది. బయట తెలిస్తే మాత్రం ఆయన బండి ఎవరూ ఎక్కరు. మా జత బాగానే కుదిరింది. ఆయనకు వినపడదు, నాకు గొంతు లేదు. బడిలో హాజరు పలికాక కూడా టీచర్ తలెత్తి, "వచ్చావా, రాలేదా?" అని అడుగుతుంది.

ఆ రోజు బావ అక్కడే ఉన్నాడు. జీపును నాలుగు దిమ్మల మీదికి ఎత్తి, బావను సీట్లో కూర్చోబెట్టి, ఇంజను వేయించి గేర్లో పెట్టించాడు నాన్న. నేను అలవాటుగా కిందికి దూరబోయాను.

"ఏం మరదలా, నువ్వూ మెకానిక్కువేనా? మామయ్యా, మీకు మంచి అసిస్టెంటే దొరికింది!" అని నవ్వాడు బావ.

నాన్న చెయ్యి నాకు అడ్డం వచ్చింది. "బట్టలకి నూనె అంటుకుంటుంది. పో గువ్వా, అక్క దగ్గర కూర్చో."

స్క్రూడ్రైవర్ తన చెవికే పెట్టుకున్నాడు. విన్నట్టు తల ఊపాడు. తర్వాత అరచెయ్యి ఆనించి అదురు చూశాడు. "వెనకదే" అన్నాడు.

కాదని నాకు గుమ్మంలోంచే తెలుస్తోంది. బావ నాలుగు చక్రాల లీవర్ తీసినప్పుడల్లా మోత ఆగిపోతోంది. వేయగానే మళ్ళీ అందుకుంటోంది. లీవర్ తీస్తే ఆగేది ముందు షాఫ్టే, వెనకది తిరుగుతూనే ఉంటుంది. వెనకదైతే మోత అలా ఆగదు.

"ముందుది నాన్నా" అన్నాను. ఇంజను హోరులో నా మాట నాకే వినపడలేదు.

వాళ్ళు షాఫ్టు ఊడదీశారు. వెనక మూత విప్పారు. నాన్న లోపలి బేరింగ్‌ను చేతిలో తిప్పి, "చూడండి అల్లుడుగారూ, ఎలా ఆడుతోందో" అన్నాడు. ఎన్నో ఏళ్ళు తిరిగిన బేరింగ్ కాస్త ఆడకుండా ఎలా ఉంటుంది? బావకు అది తెలియదు. నాన్నకు తెలుసు. అయినా దాన్ని పక్కన పడేసి, కిరోసిన్‌లోదాన్ని ఆ చోట ఎక్కించాడు.

మూత బిగిస్తుండగా లోపల అక్క కేక వేసింది. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, నొప్పులు మొదలయ్యాయి! ఉమ్మనీరు కూడా పోయింది! ఇంకెంతసేపు?"

నాన్న బోల్టు తిప్పుతూనే ఉన్నాడు.

"మిమ్మల్నే! చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"మామయ్యా, అత్తయ్య అడుగుతోంది" అన్నాడు బావ, ఆయన భుజం తట్టి.

"వినపడింది. పనిలో ఉన్నవాడు ప్రతిదానికీ పలుకుతూ కూర్చోవాలా?" అన్నాడు నాన్న. ఆ గొంతు అంత గట్టిగా ఎందుకు వచ్చిందో నాకొక్కదానికే తెలుసు.

నూనె పోసి, జీపు దించి, షెడ్డు బయటికి తీశారు. మోత అలాగే ఉంది.

"ఇంకా వస్తున్నట్టుంది కదా మామయ్యా?"

"మార్చిన బేరింగ్ సర్దుకోవాలి. కాస్త నడిస్తే అదే పోతుంది."

బావ నమ్మాడు. నమ్మకపోతే ఇంకో దారి లేదు మరి. అక్కను పరుపుతో సహా ఎత్తి వెనక పడుకోబెట్టారు. అమ్మ పక్కన కూర్చుని తల ఒళ్ళో పెట్టుకుంది. బావ ముందు సీటు తలుపు తెరిచాడు. నాకు ఇల్లు చూస్తూ ఉండమని చెప్పారు.

వాగు మధ్యలో, ఆ నీళ్ళలో, ముందు షాఫ్టు బిగుసుకుపోయినట్టే అనిపించింది నాకు. వెళ్ళి జీపుకు అడ్డంగా నిలబడ్డాను.

"మోత పోలేదు!"

అది నా గొంతేనని ఎవరూ అనుకోలేదు. బావ నా వెనక ఎవరున్నారోనని చూశాడు.

"చెడింది ముందు బేరింగ్, మార్చింది వెనకది! నాన్నకి ఆ మోత వినపడదు బావా. సన్నటిదేదీ వినపడదు."

అమ్మ నాన్న వైపు చూసి, ఏదో అనబోయి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిజమా మామయ్యా?" బావ గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. అప్పటిదాకా ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు.

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"మళ్ళీ విప్పుదామా?"

"సాయంత్రమవుతుంది" అన్నాడు నాన్న నేల చూస్తూ.

"అంతసేపు ఇది ఆగదు" అంది అమ్మ, అక్క నుదురు తుడుస్తూ.

"ఏదో ఒకటి చెయ్యండి! నేనిక్కడ చచ్చిపోతున్నా!" అని అరిచింది అక్క.

"బిగుసుకునే ముందు మోత మారుతుంది" అన్నాను. ఇదీ నాన్న నేర్పిందే. "గరగర పోయి కీచుమంటుంది. అప్పుడే ఆపేసి చల్లారనిస్తే మళ్ళీ కదులుతుంది. నేను వింటాను. నన్ను ముందు కూర్చోనివ్వండి."

బావ వెనక్కి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర ఇరుక్కుని కూర్చున్నాడు. నేను ముందు సీట్లోకి ఎక్కాను.

నాన్న తన సీటు వైపు వెళ్ళకుండా చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఆయన నా మొహం చూడలేదు. నా పాదాలు లోపలికి ఉన్నాయో లేదో చూశాడు. బయటికి వేలాడుతున్న నా గౌను అంచును లోపలికి తోసి, తలుపు వేశాడు.