చావింటి నుంచి నేరుగా

శవపేటిక మీది అద్దంలోంచి చనిపోయిన మనిషి ముఖం చూస్తూ పోన్సియానో ఎప్పటిలాగే మనసులో పది దాకా లెక్కపెట్టుకున్నాడు. పదికి ముందే తల ఎత్తితే మొక్కుబడి, దాటితే నటన. తరువాత ఆ ఇల్లాలి చెయ్యి పట్టుకున్నాడు.

"చివరిదాకా మీ పేరే తలిచాడు, పోన్సింగ్ అన్నా," అందావిడ.

ప్రతి చావింట్లోనూ ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అయినా ఆవిడ చెయ్యి ఇంకాసేపు పట్టుకునే ఉన్నాడు.

పొట్టి మనిషి, ఊరందరికీ పోన్సింగే. బొజ్జ మీద బిగిసిన తెల్ల చొక్కా, రంగేసిన జుట్టు, మడమలు అరిగిన బూట్లు. పద్దెనిమిదేళ్ళలో వార్డు సభ్యుడై, పట్టణ కౌన్సిలరై, ఇప్పుడు ప్రావిన్సు బోర్డు సభ్యుడయ్యాడు. ఇళ్ళకీ పందుల దొడ్లకీ మధ్య ఎంత దూరం ఉండాలో చెప్పే చట్టం అతను తెచ్చిందే. మిగతా కాలమంతా పెళ్ళిళ్ళలో సాక్షిగా నిలబడటానికీ, చావిళ్ళలో కూర్చోవడానికీ సరిపోయింది.

ఫోన్ మోగింది. గవర్నరు ఇంట్లో, ఆయన తరఫున ఎన్నికల్లో నిలబడే జట్టుకి ఫోటో తీస్తున్నారు, వెంటనే రమ్మన్నారు. ఈసారి ఆ ఫోటోలో లేనివాడికి పోటీ చేసే అవకాశం లేనట్టే. తన పేరు ఉందో లేదో నెల రోజులుగా ఎవరూ చెప్పలేదు. పోన్సియానో పరుగున వెళ్ళి అద్దె ట్రైసికిల్ ఆటో ఎక్కాడు.

వరండాలో గవర్నరు తల్లి దోన్యా కాన్సోలా విసనకర్రతో కూర్చుంది.

"ఎక్కణ్ణించి అబ్బాయ్?"

"గిమెనో వాళ్ళింటి నుంచమ్మా. పెద్దాయన పోయాడు."

"దారిలో ఎక్కడైనా ఆగావా?"

అతని కాలు మెట్టు మీదే ఉండిపోయింది. చావింటి నుంచి నేరుగా ఇంకో గడప తొక్కకూడదు. మధ్యలో ఒకచోట ఆగి, వెంట వచ్చినదాన్ని అక్కడే వదిలించుకోవాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ మరవలేదు.

"లేదమ్మా. పిలిచారని..."

"ఎన్నికల ముందు చావుని తెచ్చి నా కొడుకింట్లో దింపుతావా? బేకరీ దాకా పోయి రా. తొందరేం లేదు, వాళ్ళింకా తలలు దువ్వుకుంటున్నారు."

గుమ్మంలో ఉన్న గవర్నరు కార్యదర్శి నవ్వాడో, తల తిప్పుకున్నాడో పోన్సియానోకి తెలియలేదు.

"ఇవాళ ఎవరు పోయారు బాబాయ్?" అంది బేకరీ అమ్మాయి. "మీరు బన్ను కొన్నారంటే ఊళ్ళో ఎవరో పోయినట్టే."

అతనూ నవ్వాడు. బన్ను కొనుక్కుని అక్కడే కూర్చున్నాడు. చావు దిగిపోవడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. పెద్దావిడ నిజంగా భయపడి ఉంటే కాసేపు కూర్చోవాలి. తనని వదిలించుకోవడానికే పంపి ఉంటే ఇప్పుడే పరుగెత్తాలి. రెండుసార్లు లేచాడు, రెండుసార్లు కూర్చున్నాడు.

తిరిగి వెళ్ళేసరికి కుర్చీలు మడుస్తున్నారు. పసుపుపచ్చ చొక్కాల్లో ఎనిమిదిమంది నవ్వుకుంటున్నారు. ఏడుగురి వీపుల మీద పేర్లున్నాయి. గవర్నరు మేనకోడలు, పళ్ళ డాక్టరమ్మ, ఆమె వీపు ఖాళీ.

"ఎక్కడికి పోయావన్నా?" అన్నాడు గవర్నరు. "ఫోటోగ్రాఫరు పడవ అందుకోవాలన్నాడు. మధ్యలో నీ చోటు ఖాళీగా ఉంటే బాగోదని మా మేనకోడల్ని నిలబెట్టాం."

"అమ్మగారే వెళ్ళమని..."

"అమ్మ సంగతి నీకు తెలీదా?"

"అంటే, నేను ఇంక..."

"వచ్చేసారి చూద్దాంలే అన్నా."

అతన్ని తీసేశారో, అతనే వెళ్ళిపోయాడో ఎంత ఆలోచించినా తెగలేదు. గవర్నరు ముఖంలో నిజమైన విచారం కూడా ఉన్నట్టే ఉంది.

"అన్నం తిని పో అబ్బాయ్," అంది దోన్యా కాన్సోలా, ప్రేమగానే.

"లేదమ్మా. ఇంకో చావింటికి వెళ్ళాలి."

అతను గేటు దాటాడు. వెనక వరండాలోని బల్ల మీద, కవరు విప్పని పసుపుపచ్చ చొక్కా ఒకటి మిగిలింది. పెద్ద సైజుది, వీపు మీద పోన్సింగ్ అని అచ్చువేసినది.