లక్ష్మీనర్సమ్మ చెయ్యి పెడితే

మోత్కూర్‌లో పొద్దున చాయ్ తాగేటప్పుడు లక్ష్మీనర్సమ్మ కప్పును గట్టిగా పట్టుకుంటుంది. కింద పెట్టి వేలు తగిలిస్తే అది తిరగడం మొదలుపెడుతుంది. కప్పే కాదు, గిన్నె, చెంబు, పీట, ఆమె చెయ్యి మెత్తగా తగిలిన వస్తువు ఏదైనా అంతే. అమ్మలారా, అయ్యలారా, ఒకరి చేతికి వంట రుచి ఉంటుంది, ఒకరికి హస్తవాసి ఉంటుంది. ఈమె చేతికి తిరుగుడు ఉంది. ఎవరికేది ఇయ్యాలో గుట్ట మీది నర్సన్న దేవుడికి తెలియదా?

ఒకప్పుడు వాడకట్టులో అందరికీ ఆమే కావాలి. "వదినా, జర మా ఇసుర్రాయి మీద చెయ్యేసి పో" అని ఎదురింటి కోమల కేకేసేది. ఈమె ఒక వేలు తగిలించి పోతే, జొన్నలన్నీ పిండయ్యేదాకా రాయి ఆగేది కాదు. తర్వాత పిండి గిర్నీలు వచ్చాయి, మిక్సీలు వచ్చాయి. పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

పెనిమిటి ఐలేశం వడ్రంగి. పెళ్లయిన కొత్తలో ఆమె దుకాణానికి చాయ్ తీసుకుపోయి, ఎవరిదో కొత్తింటి దర్వాజ మీద చెయ్యి ఆనించింది. అంత లావు టేకు దర్వాజ సకినం లెక్క మెలి తిరిగింది. ఐలేశం తిట్టలేదు. "నీకు దండం పెడతనే, కట్టె మాత్రం ముట్టకు" అన్నాడు. ఇరవై రెండేండ్లుగా ఆమె దుకాణం గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ దుకాణమే మూసే రోజు వచ్చింది. దర్వాజలు ఫ్యాక్టరీల నుంచే తయారై వస్తున్నాయి. పట్నంలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా రమ్మంటే ఐలేశం సరేనన్నాడు. మెట్ల కింద ఒక అర్ర ఇస్తారట. బయలుదేరడానికి రెండు రోజుల ముందు, హైదరాబాద్‌లో కట్టెపని మిషన్ల ఎగ్జిబిషన్ ఉందని వడ్రంగుల సంఘం బస్సు మాట్లాడింది.

"కొనేదా, పెట్టేదా? నీకెందుకయ్యా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"పని ఇడిసే ముందు ఒక్కసారి కండ్లనిండ చూసొస్తనే. నువ్వూ రా. మర్లేటప్పుడు గుట్ట దర్శనం ఉన్నది."

"ఆడంతా కట్టెనే ఉంటది గద. నా చేతులెట్ల?"

"కొంగుల చుట్టుకో."

చేతులు కొంగులో చుట్టుకునే వెళ్లింది. అక్కడ జనమంతా ఒక పెద్ద కంప్యూటర్ మిషన్ చుట్టూ మూగారు. అది చూస్తుండగానే దేవుడి ముఖం చెక్కి పడేసింది. సంఘం పెద్దమనిషి కిష్టయ్య నెత్తి గోక్కున్నాడు. "ఐలేశం, నువ్వే హుషారు రా! ఆ అపార్ట్‌మెంట్ల మాక్కూడ జర జాగా చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఐలేశం కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు చూడలేక లక్ష్మీనర్సమ్మ పక్కకు నడిచింది.

మూలన చిన్న దుకాణంలో దివాకర్ అనే దేవరకొండ పిలగాడు లేతు మిషన్ నడుపుతున్నాడు. రెండు మొనల నడుమ కట్టె గిరగిర తిరుగుతోంది. ఉలి ఆనిస్తే పొట్టు దారంలా లేస్తోంది. మొద్దు కట్టె కాస్తా చూస్తుండగానే నడుము తీరిన మంచంకోడు అవుతోంది. దాన్ని ఆపమని ఎవరూ అనడం లేదు. అది తిరగాలనే నలుగురు నిలబడి చూస్తున్నారు.

"నర్సన్నా! గిసొంటి పని గూడ ఉన్నదా లోకంల?" అనుకుంది. కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

అంతలో కరెంటు పోయింది. కట్టె మెల్లబడింది. దివాకర్ ఉలి ఎత్తేశాడు. ఆమెకు ప్రాణం ఆగలేదు. కొంగులోంచి చెయ్యి తీసి మిషన్ చివరనున్న చక్రానికి తగిలించింది. కట్టె మళ్లీ గిర్రుమంది.

"జర నెమ్మది అమ్మా, ఉలి ఎగురుతది" అన్నాడు దివాకర్.

"గింతనా?"

"ఇంకొంచెం... ఆ, బరాబర్!"

భార్యను వెతుక్కుంటూ వచ్చిన ఐలేశం అది చూసి ఉరికొచ్చాడు. "నర్సా, ముట్టకే!"

"ముట్టనియ్యి కాకా. నా చెయ్యి గుంజుతాంది, గీ ఉలి నువ్వు పట్టు" అన్నాడు దివాకర్.

ఐలేశం పట్టాడు. కదలని కట్టెకు అలవాటు పడిన చెయ్యి. గుచ్చేసరికి పెచ్చు లేచి, వెనకాలే వచ్చిన కిష్టయ్య కడుపుకు తగిలింది.

"నువ్వు గంత జోరుగ ఉరికియ్యకే!" అన్నాడు ఐలేశం.

"నువ్వు గుచ్చకయ్యా, ఊకె ఆనియ్యి!"

జనం గొల్లుమన్నారు. ఐలేశం ఉలిని మెల్లగా ఆనించాడు. పొట్టు తెగకుండా లేచి అతని మోచేతి మీదుగా జారింది. ఇరవై రెండేండ్లలో ఇద్దరూ ఒకే కట్టె మీద చెయ్యి పెట్టడం అదే మొదలు. కరెంటు ఎప్పుడొచ్చిందో ఎవరూ చూసుకోలేదు.

కిష్టయ్య కోడును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "నా మనుమరాలికి ఊగే తొట్టెల కావాలె. దానికి నాలుగు కోళ్లు గిట్లనే చేసిస్తరా?"

ఐలేశం దివాకర్ వైపు చూశాడు. "మిషన్ కొనే తాకత్ నాకేడిది బిడ్డా?"

"రెండు మొనలు, ఒక చక్రం బిగించుకో కాకా. మోటరు నీ ఇంట్లనే ఉన్నది."

సాయంత్రం గుట్ట మీద లక్ష్మీనర్సమ్మ స్వామి ముందు చాలాసేపు చేతులు జోడించి నిలబడింది. బయటికొచ్చాక ఐలేశం అడిగాడు. "ఏం మొక్కినవే?"

"ఏం అడగలే. ఊకె దండం పెట్టుకున్న."

ఐలేశం మెట్ల మీద కూర్చొని పట్నానికి ఫోను చేశాడు.

"అన్నా, నేను వస్తలేను. ఆ నౌకరి వేరేటోనికి ఇయ్యి. ఏం లేదన్నా... మా ఇంటామెకు దుకాణంల పని ఉన్నది."