పడుకున్న గుర్రం బొమ్మ

ఒత్తులు ఎక్కడైనా జారిపోయి ఉంటే మీరే సర్దుకుని చదువుకోండి. యాభై ఆరేళ్లు నిండాక పలక పట్టినదాన్ని. మా ఆయన పోయిన ఏడు, గుర్రాలకు వైద్యం చేసే డాక్టరమ్మ "ఏ సీసా ఏ గుర్రానిదో ఎన్నాళ్లని రంగు చూసి గుర్తుపెట్టుకుంటావు?" అని విసుక్కుని, లాయంలో తలుపుల మీద రాసి ఉండే గుర్రాల పేర్లతోనే నాకు అక్షరాలు దిద్దబెట్టింది. నేను ఒక వాక్యం ముగించేసరికి పొయ్యి మీద నీళ్లు మరిగి, మళ్లీ చల్లారతాయి. తొందర ఉన్నవాళ్లు ఇక్కడే లేచి వెళ్లినా ఏమీ అనుకోను.

మా అబ్బాయి కొత్త ఇల్లు కొన్నాడు. ఒక ఆదివారం కోడలిని వెంటబెట్టుకుని లాయానికి వచ్చి, "హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉందమ్మా. గుర్రాల బొమ్మ పెడదామనుకుంటున్నాం, నాన్న గుర్తుగా ఉంటుంది. నువ్వొచ్చి ఏది బాగుందో చూడు," అన్నాడు. పాలు పొంగుతున్నాయేమో చూడు, పిల్లాడెందుకు ఏడుస్తున్నాడో చూడు అన్నవాళ్లే గానీ, ఏది బాగుందో చూడమని నన్ను అడిగినవాళ్లు ఈ బతుకులో లేరు. చేతిలోని లద్దె తట్ట అక్కడే దించి, చేతులు కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరాను.

దారిలో చెప్పాడు. ఇంట్లో గదులు రెండు. ఒకటి వాళ్లకి, ఒకటి తను ఆఫీసు పని చేసుకోవడానికి. "నీకు మడత మంచం కొన్నానమ్మా. రాత్రి హాల్లో వేసుకో, పగలు మడిచి ఆ గోడకే ఆనించేస్తే ఎవరికీ కనిపించదు." కోడలికి అప్పుడు ఐదో నెల. లాయం పని మానేసి వాళ్ల దగ్గరికి వచ్చెయ్యమని రెండు నెలలుగా అంటున్నాడు. నేను సరేనన్నాను కూడా. మంచం సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది.

బొమ్మల షాపు నిండా గుర్రాలే. నీళ్లలో పరిగెత్తేవి, దుమ్ములో పరిగెత్తేవి, మబ్బుల్లో పరిగెత్తేవి. ముప్పై అయిదేళ్లు గుర్రాల మధ్య బతికాను. లద్దె ఎత్తాను, గడ్డి పరిచాను, దాణా నానబెట్టాను, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీశాను. జీతం మా ఆయనకి. "నువ్వేం చేస్తావే, నా వెనకాల తిరుగుతావు," అనేవాడు. రెండో ముద్ద పెట్టుకుంటే, "గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదు," అని నవ్వేవాడు. పక్కవాళ్లూ నవ్వేవారు. ఒక్కోసారి నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ బాధ.

షాపాయన మంచం పొడవున్న బొమ్మ తీసి చూపించాడు. అలల మీద తొమ్మిది గుర్రాలు. మా వాడికి నచ్చేసింది. నేను దగ్గరికెళ్లి చూశాను. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి, కంట్లో తెల్లగుడ్డు బయటపడింది.

"ఇవి పరుగు తీయడం లేదురా. దేన్నో చూసి బెదిరి పారిపోతున్నాయి," అన్నాను.

"అది స్పీడమ్మా," అన్నాడు.

"పారిపోతే మాత్రం ఏం పెద్దమ్మా, మీ గోడ దాటి పోవు కదా," అన్నాడు షాపాయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ బొమ్మ కింద మడత మంచం మీద నేను పడుకోవాలి. నా తల మీదుగా అవి రోజూ పారిపోతుంటాయి. పక్కకి చూస్తే కోడలు గోడకి ఆనుకుని, బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో పాదం మునివేళ్ల మీద ఆనించి నిలబడి ఉంది. ఆ పిల్ల బట్టల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. గిరాకీ ఉన్నంతసేపూ కూర్చోకూడదట. అలసిపోయిన గుర్రం సరిగ్గా అలాగే నిలబడుతుంది. అలా నిలబడే కునుకు తీస్తుంది. చూసేవాళ్లు మేలుకునే ఉందనుకుంటారు.

"పడుకున్న గుర్రం బొమ్మ ఉందా బాబూ?" అని అడిగాను. ఎందుకడిగానో అప్పుడు నాకే తెలియదు.

షాపాయన తల గోక్కున్నాడు. "ఒకటుండాలి పెద్దమ్మా. ఒకాయన కొనుక్కెళ్లి వారానికే వెనక్కి తెచ్చాడు. దాన్ని చూస్తుంటే ఇంట్లో అందరికీ నిద్దరొస్తోందట." విరిగిన ఫ్రేముల వెనక నుంచి దుమ్ము దులిపి తీశాడు. పుస్తకమంత బొమ్మ. గడ్డిలో ఎర్ర ఆడగుర్రం, కాళ్లు చాపి, మెడ వాల్చేసి, కళ్లు మూసుకుని.

మా వాడు కడుపులో ఉన్నప్పుడు లాయంలో ఒక ఎర్రగుర్రం కూడా చూలుతో ఉండేది. దాన్ని పరుగులకు తీసుకెళ్లడం మానేశారు. దాని కింద గడ్డి రెండింతలు మందంగా వేయించారు. ఆ గడ్డి మోసింది నేనే, ఎనిమిదో నెల కడుపుతో. ఒక మధ్యాహ్నం మోపు దించాక నడుము తిరిగి లేవలేదు. దాని పక్కనే గడ్డిలో ఒరిగాను. అది నన్ను కాసేపు చూసింది. తర్వాత మోకాళ్లు మడిచి, నా పక్కన పడుకుని, తల నేలకి వాల్చేసింది. గుర్రం అలా పడుకోవడమంటే చిన్న విషయం కాదు. పక్కన నమ్మకమైన తోడు ఉంటేనే అంత ఒళ్లు మరిచి పడుకుంటుంది. గుర్రాలను మచ్చిక చేయడంలో అంత పేరున్న మా ఆయన ముందు అది ఏ రోజూ పడుకోలేదు. నాకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. కాలికి ఏదో తగిలి లేచాను. ఆయన పాదం. "లే, దానికి ఇరుకవుతుంది," అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. తప్పు పట్టడానికి కూడా ఏమీ లేనంత మామూలుగా అన్నాడు. ఆ తర్వాత నేను పగలు నడుము వాల్చలేదు.

"ఇదేదో జబ్బుగుర్రంలా ఉందమ్మా. చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు మా వాడు. తొమ్మిది గుర్రాలనీ కట్టించుకున్నాడు. కోడలు మాత్రం ఆ చిన్న బొమ్మను ఇంకాసేపు చూసింది.

రానని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. నోటికి సరే అనడమే అలవాటు. చేతికింకా ఆ అలవాటు పడలేదు. అందుకని కాగితం మీద రాశాను: "నాన్నా, నేను ఆ ఇంట్లో ఉండడానికి రాను. బిడ్డ పుట్టాక పగలు వచ్చి చూసుకుంటాను. రాత్రి నా గదిలో పడుకుంటాను." డాక్టరమ్మ దాన్ని ఫోటో తీసి వాడికి పంపింది.

వెంటనే ఫోన్ చేశాడు. "కళ్లు మూసుకుంటే ఏ గదైతే ఏముందమ్మా?"

"అయితే నీ ఆఫీసు కుర్చీ హాల్లో వేసుకో నాన్నా," అన్నాను. పెట్టేశాడు.

తర్వాతి వారం, తన సెలవు రోజున, మధ్యాహ్నం కోడలు లాయంలో నా గదికి వచ్చింది. చేతిలో కాగితం చుట్టిన పొట్లం. విప్పితే ఆ ఎర్రగుర్రం.

"ఆయన కోపంగా ఉన్నారు అత్తయ్యా."

"మరి నువ్వో?"

పొట్లం కాగితం మడత పెట్టింది. "మీరు రానన్నారని మొదట ఏడుపొచ్చింది. తర్వాత రోజూ ఆ మడత మంచం తుడుస్తూ ఆలోచించాను. ఇవాళ మీరు సరేనంటే, మీ వయసొచ్చాక అది నాదే కదా."

నవ్వొచ్చింది నాకు. పడుకోవే పిల్లా, అన్నాను. వద్దంటూనే నా మంచం మీద ఒరిగింది. మేకు కొట్టి, బొమ్మ తగిలించి వెనక్కి తిరిగేసరికి నిద్రపోయింది. సుత్తి చప్పుడు కూడా వినలేదు, పాపం.

గంట గడవకముందే మా వాడు వచ్చాడు. గుమ్మంలో నేను నిలబడి ఉన్నాను.

"సాయంత్రం ఇల్లు చూడటానికి ఫ్రెండ్స్ వస్తున్నారు. వంట ఎవరు చేస్తారు? లేపమ్మా."

"పడుకుంది."

"పడుకుంటే లేపలేమా?"

మాట అచ్చం తండ్రిదే. కోపం కూడా లేదు, అంత మామూలుగా ఉంది.

"నువ్వు నా కడుపులో ఉండగా ఒక మధ్యాహ్నం నేనూ ఇలాగే పడుకున్నాను. మీ నాన్న కాలితో లేపాడు," అన్నాను. "ఆ రోజు లేపింది నన్నొక్కదాన్నే కాదురా, నిన్ను కూడా."

వాడు నా భుజం మీదుగా లోపలికి చూశాడు. ఆమెను చూశాడో, గోడ మీద బొమ్మను చూశాడో నాకు తెలియదు. బయట బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి, ఇవాళ వద్దు, ఇంకో రోజు రండి, అని ఎవరికో గొంతు తగ్గించి చెప్పాడు.

గుంపులో గుర్రాలన్నీ ఒక్కసారే పడుకోవు. ఒకటి నిలబడి ఉంటుంది. ఆ రోజు పొద్దు వాలేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాళ్లు లాగాయి. అయినా అంత తేలికగా ఎప్పుడూ నిలబడలేదు.

ఇట్లు,
లాయం అవ్వ. అరవై ఒక్కేళ్లు.
ఉంటున్నది లాయం చివరి గదిలో. మంచం మడతది కాదు.